గెలిస్తే లాయరు ఫీజు కంపెనీ కడుతుందా?

డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె 2012లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరారు. అప్పటికి ఆ ఆఫీసులో ఉన్నది తొమ్మిది మంది. జీతం తక్కువ, దానికి బదులు షేర్లు కొనుక్కునే హక్కు ఇచ్చారు. 2016లో ఉద్యోగం మానేసినప్పుడు తొంభై రోజుల్లో కొనుక్కుంటే కొనుక్కున్నట్టు, లేదంటే హక్కు పోయినట్టు. 40,000 షేర్లు, ఒక్కొక్కటి 65 సెంట్లు, మొత్తం 26,000 డాలర్లు. అప్పుడే ఇల్లు కొనడంతో చేతిలో డబ్బు ఆడలేదు. తెనాలి దగ్గర ఉండే తండ్రిగారు అర ఎకరం మాగాణి అమ్మి పంపారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోనులో కుశలప్రశ్నలు అయ్యాక ఆయన అడిగే మాట ఒకటే: “ఆ షేర్లు ఏమయ్యాయమ్మా?”

మొన్న ఒక లావుపాటి కవరు వచ్చింది. కంపెనీలో డెబ్బై శాతానికి పైగా వాటా ఉన్న పెట్టుబడి సంస్థ, తన అధీనంలోనే ఉన్న మరో కంపెనీలో దీన్ని విలీనం చేసేసింది. మీటింగు లేదు, ఓటింగు లేదు. పెద్ద వాటాదారు సంతకం పెట్టాడు, పని అయిపోయింది. మిగిలిన వాళ్లకు షేరుకు 4 డాలర్ల 10 సెంట్లు. రెండేళ్ల క్రితం షేరు 9 డాలర్లు పలుకుతుందని పాత సహోద్యోగుల మధ్య మాట నడిచింది. ఈ ధర ఒప్పుకోనివాళ్లు కోర్టు చేత షేర్ల విలువ కట్టించుకోవచ్చని అదే కవరులో ఒక నోటీసు ఉంది.

ఇంట్లో తలా ఒక మాట. “ఇరవై ఆరు వేలు లక్షా అరవై నాలుగు వేలయింది, ఇంకా ఏం కావాలి?” అని భర్త. ఆమె అన్నయ్య అని పిలిచే పాత సహోద్యోగికి 1,80,000 షేర్లున్నాయి. ఆయన కోర్టుకు వెళ్లి తీరాలంటున్నారు, ఈమెను కూడా కలవమంటున్నారు. విలువ కట్టే నిపుణుడి ఫీజుతో కలిపి 4,00,000 డాలర్ల దాకా కావచ్చని లాయరు అంచనా చెప్పాడు. ఇక తండ్రిగారు ఒకప్పుడు గట్టు తగాదాలో తెనాలి కోర్టులో గెలిచిన మనిషి. “న్యాయం మన వైపుంటే ఖర్చులతో సహా డిక్రీ వస్తుంది, భయపడకు” అన్నారు.

ఆమె అడిగినవి మూడు. గెలిస్తే మా లాయరు ఫీజు కంపెనీ కడుతుందా? ఓడితే వాళ్ల లాయర్ల ఫీజు మా నెత్తిన పడుతుందా? అన్నయ్యను ఒంటరిగా వదిలేస్తే తప్పు చేసినదాన్నవుతానా?

* * *

మీ ఉత్తరం చూడగానే గడువు సంగతి మీకు విడిగా రాశాను. ఇలాంటి కవరు అందుకునే మరొకరి కోసం ఇక్కడ మళ్లీ చెబుతాను. మీటింగు లేకుండా సంతకాలతో ఆమోదించిన విలీనమైతే, విలువ కట్టించుకోవాలనే డిమాండును నోటీసు ఇచ్చిన తేదీ నుంచి 20 రోజుల్లో రాతపూర్వకంగా పంపాలి. తపాలాలో వచ్చే నోటీసుకు లెక్క మీరు కవరు విప్పిన రోజు నుంచి కాదు, వాళ్లు దాన్ని తపాలాలో వేసిన రోజు నుంచి. మీ కవరు మీ పాత అపార్టుమెంటు చిరునామాకు వెళ్లి తిరిగి వచ్చిందని రాశారు. అందులోనే తొమ్మిది రోజులు పోయాయి. అదే కవరులో షేర్లు అప్పగించి డబ్బు తీసుకునే ఫారం కూడా ఉంది కదా, దాన్ని మాత్రం ఇప్పుడే నింపకండి. అది నింపి చెక్కు తీసుకుంటే ఈ చర్చంతా అక్కడితో ముగుస్తుంది.

ఇక అసలు విషయం. మీ నాన్నగారి మాట తెనాలిలో నిజం. మన సివిల్ ప్రొసీజర్ కోడులో ఖర్చులు సాధారణంగా గెలుపును అనుసరిస్తాయి. 2015లో వచ్చిన వాణిజ్య కోర్టుల చట్టమైతే పెద్ద వ్యాపార వివాదాల్లో ఓడినవాడే లాయరు ఫీజుతో సహా ఇచ్చుకోవాలనేది మామూలు నియమమని రాసిపెట్టింది. కానీ మీ కంపెనీ డల్లాస్ పక్కన ఉన్నా, నోటీసు మొదటి పేజీలో ఉన్నట్టు అది పుట్టింది డెలావేర్ రాష్ట్రంలో. ఈ తగాదాకు ఆ రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది, తీర్పు చెప్పేది అక్కడి చాన్సరీ కోర్టు. అక్కడ జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కరే. అమెరికాలో మొదటినుంచీ ఉన్న పద్ధతి ప్రకారం, గెలిచినా ఓడినా ఎవరి లాయరును వాళ్లే పోషించుకోవాలి.

ఇక్కడ ‘ఖర్చులు’ అన్న మాట మిమ్మల్ని తికమక పెట్టింది. డెలావేర్ కంపెనీల చట్టం 262వ సెక్షనులో ఖర్చుల గురించి ఒక చిన్న పేరా ఉంది. దాంట్లో నిజానికి రెండు వేర్వేరు డబ్బుల మూటలున్నాయి. మొదటిది కోర్టు ఖర్చులు, అంటే దాఖలు ఫీజులు, వాంగ్మూలాల ప్రతులు వంటివి. వీటిని సబబుగా తోచినట్టు ఎవరిమీదైనా వేయడానికి జడ్జికి అధికారం ఉంది, కంపెనీమీద కూడా వేయవచ్చు. కానీ ఈ మూట చిన్నది. రెండోది లాయరు ఫీజు, నిపుణుడి ఫీజు. మీ 4,00,000లో దాదాపు అంతా ఇదే. దీన్ని పంచమని షేర్‌హోల్డరు అడిగితే కోర్టు పంచవచ్చు. ఎవరిమీద? కంపెనీమీద కాదు. విలువ కట్టించుకోవడానికి అర్హత ఉన్న షేర్లన్నిటి మీద, వాటి నిష్పత్తిలో. అంటే మీమీద, అన్నయ్యమీద, మీలాగే డిమాండు పంపిన మరెవరైనా ఉంటే వాళ్లమీద.

మొదటిసారి చదివినప్పుడు నాకూ ఇది అన్యాయంగానే తోచింది. బలవంతంగా షేర్లు లాక్కున్నవాడు తప్పించుకుని, పోగొట్టుకున్నవాళ్లు తమలో తాము చందాలు వేసుకోవడం ఏమిటి అనిపించింది. దీని వెనక ఉన్న ఆలోచన వేరు. డిమాండు పంపినవాళ్లలో ఒక్కరు పిటిషన్ వేసినా, కోర్టు తేల్చిన విలువ అందరికీ వర్తిస్తుంది. ఊరందరికీ నీళ్లిచ్చే బావిని ఒక్కడి చేతే తవ్వించడం సబబు కాదు కాబట్టి, నీళ్లు తోడుకునేవాళ్లంతా కూలి పంచుకోవాలంటుంది చట్టం. మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. డిమాండు పంపి, పిటిషన్‌లో పేరు చేర్చకుండా ఊరుకున్నా మీరు అన్నయ్య బావి దగ్గర బిందెతో నిలబడ్డట్టే. ఆయన అడిగితే మీ వంతు ఖర్చును కోర్టు మీ షేర్ల విలువలోంచి తీయించవచ్చు. ఉచితంగా గెలిచే దారి లేదు, అలాగే ఆయనను మోసం చేసినట్టూ కాదు.

దీనికో మినహాయింపు ఉంది కానీ దానిమీద ఆశ పెట్టుకోవద్దు. కంపెనీ దావాలో దురుద్దేశంతో ప్రవర్తిస్తే ఫీజులు దానిమీద పడతాయి. మోంట్‌గోమరీ సెల్యులార్ అనే కంపెనీ కేసులో 2005లో డెలావేర్ సుప్రీంకోర్టు ఈ మినహాయింపును వర్తింపజేసింది. ధర తక్కువ ఇవ్వడం ఒక్కటే దురుద్దేశం కాదు. కోర్టు ముందు నిజాయితీ లేకుండా దావా నడిపినట్టు తేలాలి.

మీ కంపెనీ కాలిఫోర్నియాలో పుట్టి ఉంటే కథ వేరుగా ఉండేది. అక్కడ కోర్టు తేల్చిన విలువ కంపెనీ ఇస్తానన్నదానికంటే ఎక్కువైతే ఖర్చులు కంపెనీవే. 125 శాతం దాటితే లాయరు, నిపుణుల ఫీజులు కూడా కంపెనీమీద వేయడానికి జడ్జికి అధికారం ఉంది. చాలా రాష్ట్రాలు అనుసరించే నమూనా కంపెనీ చట్టంలోనూ కోర్టు ఖర్చులు ముందుగా కంపెనీ ఖాతాలోనే పడతాయి. అందుకే ఈ ఉత్తరం చదివి తమ సొంత కవరు వెతుక్కునేవాళ్లు ముందు కంపెనీ ఏ రాష్ట్రంలో నమోదైందో చూడాలి. ఆఫీసు ఎక్కడుందన్నది దీనికి లెక్కలోకి రాదు.

రెండో ప్రశ్నకు వద్దాం. ఓడితే వాళ్ల లాయర్ల ఫీజు మీమీద పడుతుందా? చట్టం ప్రకారం మామూలుగా పడదు. కంపెనీ తన రాజ్యాంగపత్రంలోనో నియమావళిలోనో అలాంటి షరతు పెట్టుకోకుండా 2015లో డెలావేర్ నిషేధించింది కూడా. కానీ మీరు విడిగా సంతకం పెట్టిన ఒప్పందానికి ఆ నిషేధం వర్తించదు. 2016లో షేర్లు కొన్నప్పుడు “ఏవో ఇరవై పేజీలు, చివర సంతకం పెట్టాను” అని రాశారు. ఆ ఇరవై పేజీలు వెతకండి. అందులో రెండు చూడాలి: దావాలో ఓడినవాళ్లు గెలిచినవాళ్ల ఫీజు ఇవ్వాలన్న షరతు, విలువ కట్టించుకునే హక్కునే వదులుకుంటున్నామన్న షరతు. ఆథెంటిక్స్ అనే కంపెనీ కేసులో 2021లో డెలావేర్ సుప్రీంకోర్టు ఈ రెండో రకం షరతు చెల్లుతుందని చెప్పింది. అక్కడ సంతకం పెట్టినవాళ్లు లాయర్లను పక్కన పెట్టుకుని బేరమాడిన పెట్టుబడిదారులు. తొంభై రోజుల గడువు తరుముతుంటే సంతకం పెట్టిన ఉద్యోగికీ అదే వర్తిస్తుందని ఆ తీర్పు చెప్పలేదు. అయినా ఆ షరతు ఉంటే మొదటి ఏడాది పోరాటమంతా దానిమీదే గడిచిపోవచ్చు, మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. అన్నయ్యవి 1,80,000, మీవి 40,000, కలిపి 2,20,000 షేర్లు. లాయరు చెప్పిన 4,00,000ను వాటికి పంచితే షేరుకు ఒక డాలరు 82 సెంట్లు. అంటే వడ్డీ సంగతి పక్కన పెడితే, కోర్టు 5 డాలర్ల 92 సెంట్లు కట్టిన రోజున మీరు ఇప్పుడున్న చోటే ఉంటారు. 6 డాలర్లు కడితే మీకు మిగిలేది మూడు వేల చిల్లర. 9 డాలర్లు కడితే లక్షా ఇరవై మూడు వేలు. కంపెనీ ధరే సరైనదని 4 డాలర్ల 10 సెంట్లకే ఖాయం చేస్తే, ఖర్చు పోను మీకు దక్కేది తొంభై ఒక్క వేలు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడనే మన సామెత పుట్టేనాటికి డెలావేర్ లేకపోవచ్చు గానీ, 6 డాలర్ల దగ్గర మీ పరిస్థితి అచ్చంగా అదే.

పైగా కోర్టు విలువ 4 డాలర్ల 10 సెంట్ల కంటే కిందికి కూడా దిగవచ్చు. ఇది చాలామందికి తట్టదు. 2015లో అరుబా నెట్‌వర్క్స్‌ను హెచ్‌పీ షేరుకు 24 డాలర్ల 67 సెంట్లకు కొంది. ధర చాలదని కోర్టుకు వెళ్లినవాళ్లకు చాన్సరీ కోర్టు 17 డాలర్ల 13 సెంట్లు కట్టింది. అప్పీలు మీద 2019లో సుప్రీంకోర్టు దాన్ని 19 డాలర్ల 10 సెంట్లకు పెంచింది. ఊరుకున్నవాళ్లకు 24 డాలర్లు, కొట్లాడినవాళ్లకు 19. కారణం, విలీనం వల్ల కలిసివచ్చే లాభాన్ని కోర్టు తీసేసి లెక్క వేస్తుంది. కంపెనీ తన కాళ్లమీద తాను నిలబడితే ఎంత అన్నదే దాని ప్రశ్న.

అయితే అరుబా బయటివాళ్లు పోటీపడి కొనగలిగిన, బజారులో నడిచే కంపెనీ. మీది అలా కాదు, కొన్నవాడూ అమ్మినవాడూ ఒక్కడే. అలాంటి చోట కంపెనీ పెట్టిన ధరను కోర్టు అంత గౌరవంగా చూడదు. షేర్లు కొద్దిగానే ఉన్నాయన్న పేరుతో మీ విలువకు కోత వేయడానికీ ఒప్పుకోదు. ఇది మీకున్న బలం. బలహీనత ఎక్కడుందంటే, మీ ముందు వరసలో ప్రిఫరెన్స్ షేర్లవాళ్లున్నారు. వాళ్లు పెట్టిన సొమ్ము ముందు వెనక్కి వెళ్లాకే మామూలు షేర్లకు మిగిలేది. ట్రాడోస్ అనే కంపెనీ అమ్మకంలో మామూలు షేర్లవాళ్లకు ఏమీ రాలేదు. ఆ షేర్ల విలువ సున్నా కాబట్టి అది న్యాయమేనని 2013లో చాన్సరీ కోర్టు తేల్చింది. మీ కంపెనీలో ప్రిఫరెన్స్ సొమ్ము ఎంత ఉందో తెలియకుండా 9 డాలర్ల మాట పట్టుకుని దూకడం మంచిది కాదు. అది కాఫీ దగ్గర విన్న మాట. ఎవరైనా కొంటామని రాసిచ్చిన కాగితం ఉందా? ఉంటే దాని విలువ వేరు.

వడ్డీ సంగతి అన్నయ్య మీకు ఉత్సాహంగా చెప్పి ఉంటారు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు తాను బ్యాంకులకు అప్పిచ్చే డిస్కౌంటు రేటుకు 5 శాతం కలిపి, మూడు నెలలకోసారి చక్రవడ్డీ. విలీనం నాటి నుంచి చేతికందేదాకా. ఆ రేటు 4 శాతం అనుకుంటే 9 శాతమన్నమాట. మీ 1,64,000 మీద ఏడాదికి పదిహేను వేలు. వడ్డీకోసమే ఇలాంటి షేర్లు కొని కోర్టుకెక్కే నిధుల సంస్థలు బయలుదేరాక, 2016లో చట్టం మార్చారు. ఇప్పుడు కంపెనీ తాను సరే అనుకున్న సొమ్మును ముందే చెల్లించి, అంతమేరకు వడ్డీని ఆపుకోవచ్చు. అలా చెల్లిస్తే నిజానికి మీకు మేలే, దావా నడుస్తుండగానే అసలు చేతికొస్తుంది. చెల్లించకపోతే ఆ 1,64,000 మొత్తం రెండు మూడేళ్లు, అప్పీలు ఉంటే ఇంకా ఎక్కువ కాలం, ఇరుక్కుపోతుంది. టెక్నికలర్ కంపెనీది 1983 నాటి విలీనం. దాని కేసు చివరి తీర్పు వచ్చింది 2005లో. ప్రతి కేసూ అలా సాగదు గానీ, మీ అబ్బాయి కాలేజీ ఫీజు వచ్చే ఏడాదే మొదలవుతుందని మీరే రాశారు.

ఇన్ని చెప్పాక కూడా, రేపే చెక్కు తీసుకోమని నేను అనను. చట్టం మీకొక వెసులుబాటు ఇచ్చింది. గడువులోగా డిమాండు పంపితే, విలీనం అమల్లోకి వచ్చిన రోజు నుంచి 60 రోజుల్లో, పిటిషన్‌లో పేరు చేర్చనంత వరకు, దాన్ని వెనక్కి తీసుకుని అదే 4 డాలర్ల 10 సెంట్లు పుచ్చుకోవచ్చు. ఆ తర్వాతైతే కంపెనీ ఒప్పుకోవాలి. ఒక ఉత్తరం, ఒక కొరియర్ ఖర్చుతో మీకు దాదాపు రెండు నెలల ఆలోచన దొరుకుతుంది. ఆ సమయంలో సంతకం పెట్టిన పాత కాగితాలు ఒక లాయరుకు చూపించండి, గంట లెక్కన ఫీజు ఇచ్చి. ప్రిఫరెన్స్ సొమ్ము ఎంతో కనుక్కోండి. మొత్తం ఎన్ని షేర్లవాళ్లు డిమాండు పంపారో చెప్పమని కంపెనీని అడిగే హక్కు మీకుంది. ఈ ఒక్క అంకె మీ లెక్కను తారుమారు చేయగలదు. మీరిద్దరే కాక మరో ఐదు లక్షల షేర్లవాళ్లు ఉంటే, అదే 4,00,000 షేరుకు 56 సెంట్లే అవుతుంది.

120 రోజుల్లో ఎవరూ పిటిషన్ వేయకపోతే హక్కు రాలిపోతుంది, మీకు విలీనం ధరే వస్తుంది, వడ్డీ లేకుండా. అన్నయ్య వేస్తే మాత్రం, 60 రోజులు దాటాక మీరు ఆయనతో పాటు పడవలో ఉన్నట్టే. కాబట్టి నా దృష్టిలో మీ నిర్ణయానికి అసలు తేదీ ఆ అరవయ్యో రోజు. గోడమీది క్యాలెండరులో గుండ్రం చుట్టి పెట్టుకోండి.

కలవాలనే అనుకుంటే, గెలుపులో వాటా తీసుకునే లాయరు దొరుకుతాడేమో చూడండి. పెరిగిన విలువలో మూడో వంతు అతనికి, నిపుణుడి ఖర్చు విడిగా లక్షన్నర అనుకుందాం. 6 డాలర్ల దగ్గర మీకు సుమారు 23,000 మిగులుతాయి. గంట లెక్కన మిగిలే మూడు వేలతో పోలిస్తే ఇది నయం. పెరగకపోతే నిపుణుడి ఖర్చు ఎవరిదన్నది సంతకానికి ముందే రాయించుకోండి. అలాంటి లాయరు ఎవరూ ముందుకు రాకపోతే అదీ ఒక జవాబే. ఇలాంటి కేసులు రోజూ చూసేవాళ్లకు మీ 9 డాలర్లు కనిపించలేదని అర్థం.

పెద్ద వాటాదారు రెండు వైపులా తానే కూర్చుని ధర తేల్చాడు కాబట్టి, అతను బాధ్యత తప్పాడని వేసే దావా మరో దారి. అది మీ ఒక్కరిదే కాక చిన్న వాటాదారులందరి తరఫున నడుస్తుంది, ఫీజు సాధారణంగా రాబట్టిన సొమ్ములోంచే పోతుంది. చెక్కు తీసుకున్నాక ఆ దారి ఎంతవరకు తెరిచి ఉంటుందో చెక్కు తీసుకోకముందే అడగండి.

ఇక్కడ మరొకటి కూడా గమనించండి. తన ఫీజు మీనుంచి రాబట్టుకోలేనిది కంపెనీ కూడా. మీ ఇద్దరి షేర్ల విలువ మొత్తం కలిపి 9,02,000 డాలర్లు. దానికోసం వాళ్లూ లక్షలు పోయాలి. రాజీ మాట ఎక్కువగా పుట్టేది ఇక్కడే. అన్నయ్య షేర్లు మీకు నాలుగున్నర రెట్లు, ఆయన లెక్క ఆయనకు సరిపోవచ్చు, మీది మీకు సరిపోకపోవచ్చు. వెనక్కి తగ్గితే అరవై రోజుల లోపే, మొహమాటం లేకుండా చెప్పేయండి. ఖర్చు పంచుకునే షేర్లు తగ్గుతాయని తెలిస్తే ఆయన కూడా తన లెక్క మళ్లీ వేసుకుంటారు.

మీవారు ఇరవై ఆరు వేలు లక్షా అరవై నాలుగు వేలయిందన్నారు, అందులో తప్పు లేదు. అయితే అవి పొలం అమ్మిన డబ్బులు కావడం వల్ల మీకు ప్రతి సెంటూ బరువుగా ఉంది. ఈ ఆదివారం నాన్నగారు అడిగితే, ఆ అర ఎకరం సొమ్ము ఆరు రెట్లయిందనీ, దాన్ని ఇంకా పెంచడానికి కోర్టుకు వెళ్లాలా వద్దా అని రెండు నెలలు లెక్కలు చూసుకుంటున్నాననీ చెప్పండి. ఖర్చులతో సహా డిక్రీ అక్కడ రాదన్న సంగతి కూడా ఆయనకు చెప్పండి. గట్టు తగాదా నడిపిన మనిషి, లెక్క మీకంటే ముందే వేసేస్తారు.